నల్లుల పునర్విజృంభణ: చెబుతున్న కారణాలపై ఒక విమర్శ

పంచతంత్రంలో ఒక చిన్న కథ ఉన్నది. ఒక రాజుగారి పడకలో, దుప్పటి మడతల మధ్య, మందవిసర్పిణి అనే చీరపేను కాపురముండేది. రాజు నిద్రపోయిన తరువాత నెమ్మదిగా కుట్టి పొట్ట పోసుకొనేది. ఒకనాడు అగ్నిముఖుడనే నల్లి అక్కడికి అతిథిగా వచ్చింది. రాజుకు బాగా నిద్రపట్టిన తరువాతనే కుట్టవలెనని పేను ఎంత బోధించినా వినక, నల్లి ఆత్రం కొద్దీ రాజు నడుము వాల్చగానే కుట్టింది. రాజు దిగ్గున లేచాడు. సేవకులు దీపాలు తెచ్చి వెదికారు. నల్లి మంచం సందులోకి దూరిపోయింది. దుప్పటిలో ఉన్న పేను దొరికి, ప్రాణం పోగొట్టుకొన్నది. గుణం తెలియనివానికి ఇంట చోటివ్వరాదని కథ నీతి.

కథ చెప్పినవాడు ప్రకృతిని బాగా పరిశీలించినవాడే. చీరపేను బట్టలను అంటిపెట్టుకొని ఉంటుంది. నల్లి రక్తం త్రాగిన వెంటనే మనిషిని వదలి సందు చేరుతుంది. నేటి కీటకశాస్త్రం చెప్పేదీ ఇదే. అయితే ఈ కథలో నీతివాక్యానికి అందని విషయం మరొకటి ఉన్నది. కుట్టినది ఒకరు, శిక్ష అనుభవించినది మరొకరు. గడచిన పాతికేళ్ళుగా ప్రపంచంలో నల్లులు మళ్ళీ పెరగడానికి లోకం చెప్పుకొనే కారణాలను వరుసగా తూచి చూస్తే, ఆ సేవకుల వెదుకులాటే జ్ఞాపకం వస్తుంది.

విజృంభణ అంటే ఏమిటి?

రెండవ ప్రపంచయుద్ధానికి పూర్వం ఐరోపా, అమెరికా నగరాలలో నల్లి సర్వసామాన్యం. ఇంగ్లండులో 1930 తరువాతి సంవత్సరాలలో మురికివాడలను కూల్చి జనాన్ని కొత్త ఇళ్ళకు తరలించేటప్పుడు, వారి సామానుకు హైడ్రోజన్ సయనైడు పొగపెట్టి మరీ పంపేవారు. యుద్ధానంతరం డి.డి.టి. వాడుకలోకి వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే ధనిక దేశాలలో నల్లి దాదాపు కనుమరుగైనది. తరువాతి తరంలో కీటక నివారణ వృత్తి చేసేవారికి సైతం నల్లిని కళ్ళారా చూసే అవకాశం అరుదైపోయింది.

1990-2000 దశకం చివరి నుండి పరిస్థితి తారుమారైనది. బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియాలలో హోటళ్ళనుండి, ఇళ్ళనుండి, విద్యార్థుల వసతిగృహాలనుండి ఫిర్యాదులు పెరిగినవి. 1999, 2006 సంవత్సరాల నడుమ ఆస్ట్రేలియాలో నల్లుల బెడద 4,500 శాతం పెరిగిందని స్టీఫెన్ డాగెట్, రిచర్డ్ రసెల్ అనే శాస్త్రజ్ఞులు కీటక నివారణ వృత్తివారిని విచారించి అంచనా వేశారు. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ 2009 ఏప్రిల్‌లో నల్లుల సమస్యపైనే జాతీయ సదస్సు జరిపింది. 2017-2022 మధ్య ఫ్రాన్సులో నూటికి 11 ఇళ్ళకు నల్లులు పట్టినవని ఆ దేశపు ఆరోగ్య భద్రతా సంస్థ 2023లో ప్రకటించింది.

ఈ అంకెలను చదవడంలో కొంత జాగ్రత్త అవసరం. 4,500 శాతం అనగానే గుండె ఝల్లుమంటుంది. కాని మొదట ఉన్న సంఖ్య అత్యల్పమైతే, కొద్దిపాటి పెరుగుదల సైతం శాతంలో కొండంత కనిపిస్తుంది. ఒక ఊరిలో ఇద్దరికి ఉన్న జబ్బు తొంబైరెండు మందికి వస్తే అది కూడా 4,500 శాతం పెరుగుదలే. శాతాన్ని చెప్పినప్పుడు దేనిపై శాతమో అడగడం విద్యార్థులకు అలవాటు కావాలి. మరొక సంగతి. ‘పునరాగమనం’ అనే మాట నల్లి ఒకసారి వెళ్ళిపోయిన దేశాలకు సరిపోతుంది. మన దేశంలో అది పూర్తిగా వెళ్ళిపోయిన కాలమంటూ లేదు. తగ్గింది, తిరిగి పెరిగింది, అంతే.

నల్లి జీవితం

వివరణలను తూచే ముందు ఈ పురుగు బ్రతుకుతీరు కొంత తెలియాలి. మనుషులను పీడించే నల్లులలో ముఖ్యమైన జాతులు రెండు. సైమెక్స్ లెక్టులేరియస్ ప్రధానంగా సమశీతల దేశాలది. సైమెక్స్ హెమిప్టెరస్ ఉష్ణదేశాలది. మన ప్రాంతానికి తగినది ఇదే. ఎదిగిన నల్లి పొడవు సుమారు 5 మిల్లీమీటర్లు. ఆకలితో ఉన్నప్పుడు బల్లపరుపుగా ఉండి, రక్తం త్రాగగానే ఉబ్బుతుంది. దీని రెక్కలు ఎందుకూ పనికిరాని మొలకలు. ఎగరలేదు, దుమకలేదు. నడిచి పోవాలి, లేదా మనిషి సామానుతోపాటు మోసుకుపోవాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొంటే వ్యాప్తికి సంబంధించిన చిక్కులు సగం విడిపోతాయి.

ఆడనల్లి చెక్క పగుళ్ళలోను, పరుపు కుట్లలోను తెల్లని గుడ్లను జిగురుతో అంటిస్తుంది. గుడ్డు పొడవు మిల్లీమీటరు. పిల్ల నల్లి ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దదవుతుంది. ప్రతి కుబుసానికి ముందూ దానికి రక్తం కావాలి. తగిన వేడి, ఆహారం ఉంటే గుడ్డు నుండి పెద్దపురుగు కావడానికి ఐదారు వారాలు చాలు. దోమలలో ఆడది మాత్రమే కుట్టుతుందని చదువుకొన్న విద్యార్థులు ఇక్కడి తేడా గమనించాలి: నల్లులలో ఆడా మగా, పిల్లా పెద్దా అన్నిటికీ రక్తమే ఆహారం. మనిషి విడిచే కార్బన్ డయాక్సైడు, ఒంటి వేడి, ఒంటి వాసన వాటికి దారి చూపుతాయి. ఐదు పది నిమిషాలలో పని ముగించుకొని సందు చేరుతాయి. ఆహారం దొరకకపోయినా నెలల తరబడి ఓపిక పట్టగలవు.

మురికి వాదం

నల్లులున్న ఇల్లు శుచీ శుభ్రం లేని ఇల్లు అన్నది అన్నిటికన్న పాత వివరణ. చదువుకొన్నవారు, చదువుకోనివారు సమానంగా నమ్మేది కూడా ఇదే.

ఈగకు పెంటకుప్ప కావాలి; బొద్దింకకు ఎంగిలి మెతుకులు కావాలి. నల్లికి ఇవేవీ అక్కరలేదు. దానికి కావలసినది నిద్రపోయే మనిషి, దాగడానికి ఒక సందు. ఈ రెండూ గుడిసెలోను దొరుకుతాయి, మేడలోను దొరుకుతాయి. 1583లో ఇంగ్లండులోని మోర్ట్‌లేక్ గ్రామంలో ఇద్దరు కులీన స్త్రీలు తమ ఒంటిపై మచ్చలు చూసుకొని ప్లేగు తగిలిందని హడలిపోయి వైద్యుని పిలిపించారు. థామస్ పెన్నీ అనే ఆ వైద్యుడు అవి నల్లికాట్లని తేల్చి వారి భయం పోగొట్టాడు. దొరల ఇళ్ళకు కూడా నల్లి చుట్టమేనని ఇంగ్లండు నాటికే ఎరుగును. ఫ్రెంచి ఆరోగ్య భద్రతా సంస్థ 2023 నివేదికలో, కుటుంబపు ఆదాయానికీ నల్లులు పట్టడానికీ సంబంధం లేదని స్పష్టంగా చెప్పింది.

అయితే ఈ వాదంలో బొత్తిగా నిజం లేదనడం కూడా సరికాదు. సామాను క్రిక్కిరిసిన గదిలో నల్లికి దాక్కొనే చోట్లు ఎక్కువ. నివారణకు డబ్బు కావాలి. అది లేనివారి ఇంట బెడద ఎక్కువ కాలం నిలుస్తుంది. నల్లి పట్టడంలో ధనిక, పేద భేదం లేకపోయినా, వదిలించుకోవడంలో ఉన్నది. ఈ రెండింటినీ కలిపివేసి పేదరికానికే నల్లిని అంటగట్టడం తర్కదోషం.

పరాయి వాదం

నల్లిని బయటివారు తెచ్చారన్నది రెండవ వివరణ. ఇది కూడా నేటిది కాదు. లండనులో జాన్ సౌతాల్ అనే వ్యక్తి 1730లో నల్లులపై ఒక గ్రంథం ప్రచురించాడు. 1666లో లండను తగలబడిన తరువాత ఇళ్ళు తిరిగి కట్టడానికి పరదేశాల నుంచి తెచ్చిన కలపతో నల్లులు వచ్చినవని అతని వాదం. మోర్ట్‌లేక్ సంఘటన అగ్నిప్రమాదానికి 83 సంవత్సరాల ముందటిది. అది ఒక్కటే ఈ వాదాన్ని పడగొట్టడానికి చాలును. సౌతాల్ నల్లుల మందు అమ్ముకొని బ్రతికేవాడు. ఆ మందు రహస్యం జమైకాలో ఒక వృద్ధ నల్లజాతీయుడు తనకు చెప్పాడని అతడే వ్రాసుకొన్నాడు. అంటే నెపం పరదేశం మీదికి నెట్టినవాడు, మందు మాత్రం పరదేశం నుంచే తెచ్చుకొన్నాడన్నమాట!

ఇదే ధోరణి 2023 శరత్కాలంలో పారిస్ నగరంలో మళ్ళీ కనిపించింది. రైళ్ళలో, సినిమాహాళ్ళలో నల్లులున్నవన్న వార్తలు గుప్పుమనగానే, వలస వచ్చినవారే వీటిని తెచ్చారా అన్న ప్రశ్న టెలివిజన్ చర్చలో కూడా వినవచ్చింది. ఆ కలవరాన్ని రష్యాతో సంబంధమున్న ఖాతాలు కృత్రిమంగా పెద్దది చేసినవని ఫ్రెంచి మంత్రి ఒకరు 2024 మార్చిలో ప్రకటించారు. పురుగు నిజమైనదే, దాని చుట్టూ పుట్టిన భయం మాత్రం పురుగుకన్న వేగంగా పాకింది.

శాస్త్రం ఈ విషయంలో ఏమి చెబుతున్నది? తూర్పు అమెరికాలో 21 చోట్ల నల్లులను సేకరించి, వాటి జన్యువులను పోల్చిన పరిశోధన ఒకటి 2012లో వెలువడింది. ఒక్కొక్క స్థావరంలోని నల్లులన్నీ దగ్గరి చుట్టాలు. గర్భంతో ఉన్న ఒకే ఒక ఆడనల్లి, లేదా దాని సంతానం, ఆ స్థావరానికి మూలమై ఉండవచ్చునని తేలింది. కాని ఒక స్థావరానికీ మరొకదానికీ పోలిక చాలా తక్కువ. ఏదో ఒక దేశం నుంచి, ఏదో ఒక జనం వెంట వచ్చిన ఒకే మంద దేశమంతటా వ్యాపించి ఉంటే ఇంతటి భేదం ఉండదు. కనుక నల్లి ఎక్కడెక్కడినుంచో, ఎందరెందరి సామానుతోనో, వేరువేరుగా వచ్చి చేరిందనుకోవాలి. దీనికంతటికీ ఒకరిని వేలుపెట్టి చూపడానికి ఆధారం లేదు.

డి.డి.టి. వాదం

మూడవ వివరణ శాస్త్రీయంగా వినిపిస్తుంది. అందువల్ల మరింత జాగ్రత్తగా పరీక్షించాలి. డి.డి.టి. ఉన్నంతకాలం నల్లి అణగి ఉన్నది, 1972లో అమెరికా దానిని నిషేధించింది, అందువల్ల నల్లి తిరిగి వచ్చింది, కనుక డి.డి.టి.ని తిరిగి తెస్తే చాలును. ఇదీ ఆ వాదం.

డి.డి.టి.కి కీటకాలను చంపే శక్తి ఉన్నదని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే బహుమానానికి ఒక సంవత్సరం ముందే, 1947లో, హవాయి ద్వీపాలలోని పెర్ల్ హార్బర్ నావికుల వసతిగృహాలలో డి.డి.టి.కి చావని నల్లులు కనిపించినవి. 1950-60 దశకంలో ఇటువంటి వార్తలు అనేక దేశాల నుంచి వచ్చినవి. నిషేధానికి పాతికేళ్ళు ముందే మందు పదును తగ్గనారంభించిందన్నమాట. కాలక్రమాన్ని పరిశీలించకుండా కార్యకారణ సంబంధం కల్పించడం ఈ వాదంలోని మొదటి దోషం.

రెండవది, మన దేశం ఉదాహరణ. భారతదేశంలో 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం ఆరంభమై, ఇంటింటా గోడలకు డి.డి.టి. చల్లడం జరిగింది. పంటలకు దాని వాడకాన్ని 1989లో నిషేధించినా, దోమల నివారణకు ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు వాడారు. డి.డి.టి. చాలినట్లయితే ఇక్కడ నల్లి మిగలరాదు గదా! జరిగినది వేరు. మలేరియా కార్యక్రమాలు జరిగిన దేశాలలో మొదట దోమలతోపాటు నల్లులు చచ్చినవి, జనం సంతోషించారు. తరువాత చావని నల్లులు పెరిగినవి. మందు తగిలి కలతపడి సందులనుండి బయటికి రావడంతో, మందు చల్లినందువల్లనే నల్లులు ఎక్కువైనవని కొన్నిచోట్ల ప్రజలు చల్లేవారిని ఇంట్లోకి రానీయలేదు. ఈ చిక్కును గురించి రఫత్‌జా అనే నిపుణుడు 1971లోనే ఒక వైద్యపత్రికలో హెచ్చరించాడు. నల్లుల విజృంభణ అన్న మాట ఆయన వ్యాసం శీర్షికలోనే ఉన్నది.

మూడవది అన్నిటికన్న ముఖ్యమైనది. కీటకపు నాడిలో సమాచారం ప్రవహించాలంటే, నాడి పొరలోని సూక్ష్మద్వారాలు తెరుచుకొని సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి, వెంటనే మూసుకోవాలి. డి.డి.టి. ఆ ద్వారంలో ఇరుక్కొని, అది మూతపడకుండా చేస్తుంది. నాడి విరామం లేకుండా పనిచేసి, పురుగు గిలగిల కొట్టుకొని చస్తుంది. డి.డి.టి. తరువాత వచ్చిన పైరిత్రాయిడ్ మందులు పట్టేది కూడా ఆ ద్వారాన్నే. జన్యువులో చిన్న మార్పు వచ్చి ద్వారం ఆకారం ఏ కొంచెం మారినా రెండు మందులూ సరిగా పట్టవు. మార్పు కలిగిన నల్లి బ్రతుకుతుంది, లేనిది చస్తుంది. కొన్ని తరాలకు మిగిలేవన్నీ మార్పు కలిగినవే. అమెరికాలో కెంటకీ, ఒహాయో రాష్ట్రాల నల్లులలో పైరిత్రాయిడ్లకు తీవ్రమైన నిరోధశక్తి ఉన్నదని 2007లో పరిశోధకులు చూపారు. మరుసటి సంవత్సరం న్యూయార్కు నల్లులలో ఈ ద్వారపు జన్యువులో రెండు మార్పులను గుర్తించారు. ఇవి గాక, మందును విరిచివేసే ఎంజైములు, మందు సులభంగా ఇంకని మందపు చర్మం కూడా కొన్ని నల్లులకు తోడ్పడుతున్నవి.

అంటే డి.డి.టి. వాదం తలక్రిందులైనది. డి.డి.టి.ని మానివేయడంవల్ల నల్లి వచ్చిందనడంకన్న, డి.డి.టి. దెబ్బకు నిలిచిన నల్లులకు తరువాతి మందులను ఎదుర్కొనే శక్తి ముందే కొంత సమకూడిందనడం సబబు. ఆ పాతమందును తిరిగి తెచ్చినా అది తట్టే తలుపు అదే.

ప్రయాణ వాదం

విమానయానం, పర్యాటకం పెరిగినందువల్ల నల్లి వ్యాపించిందన్నది నాల్గవ వివరణ. పై మూడింటికన్న దీనికి ఆధారం గట్టిది. నల్లి మనిషి ఒంటిని అంటిపెట్టుకొని ప్రయాణించదు. పెట్టెలో, సంచిలో, పాత మంచంలో, వాడిన పరుపులో ప్రయాణిస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయంలో 2017లో జరిగిన ప్రయోగంలో ఉతికిన బట్టల సంచులను, విడిచిన బట్టల సంచులను ఒకే గదిలో పెట్టి నల్లులను వదిలారు. విడిచిన బట్టల సంచులను అవి రెండింతలుగా ఆశ్రయించినవి. బసచేసిన గదిలో విడిచిన బట్టలను నేలపై పడవేసే ప్రయాణికుడు నల్లికి తానే వాహనం సిద్ధం చేస్తున్నాడు. ఉష్ణదేశాల జాతియైన హెమిప్టెరస్‌ను 2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో తిరిగి గుర్తించడం కూడా ఈ ప్రయాణాల ఫలితమే అయి ఉండాలి.

అయినా ఈ వివరణ ఒక్కటే చాలదు. 1960-70 దశకంలో, ఆ తరువాతి దశకంలో కూడా విమానయానం పెరుగుతూనే ఉన్నది. అప్పుడు నల్లి ఎందుకు రాలేదు? ప్రయాణం నల్లిని ఇంటి గడప దాటిస్తుంది. గడప దాటిన నల్లి చావకుండా నిలవాలంటే మందును తట్టుకొనే శక్తి కావాలి. నిలిచినది పక్కింటికి పాకాలంటే ఎవరూ దానిని చాలాకాలం గమనించకుండా ఉండాలి. ఈ మూడవ మెట్టును ప్రయాణ వాదం చేసేవారు సాధారణంగా మరచిపోతారు.

అమెరికాలో ఒక ఎత్తైన వాటాల భవనాన్ని పరిశీలించి పరిశోధకులు 2010లో ప్రకటించిన ఫలితాలు ఇందుకు నిదర్శనం. మొదటిసారి నల్లి కనిపించిన తరువాత 41 నెలలలో ఆ భవనంలో 101 వాటాలకు, అంటే నూటికి 45 వాటాలకు, నల్లులు పట్టినవి. పట్టిన వాటాలను ఆనుకొని ఉన్నవాటిలో సగానికి పైగా నల్లులున్నవి. గుర్తుపెట్టి వదలిన నల్లులు నడవాల మీదుగా నడిచి పొరుగు వాటాలకు చేరడం కూడా వారు చూశారు. ఇందులో విమానమూ లేదు, విదేశమూ లేదు. ఒక గది నుంచి మరొక గదికి రాత్రిపూట కాలినడకన సాగిన ప్రయాణమే ఉన్నది.

నల్లిపై మోపిన నేరం

మనుషులపై నెపాలు మోపినట్లే నల్లిపై కూడా ఒక నెపం మోపారు. కాలా అజార్ జ్వరాన్ని అది వ్యాపింపజేస్తున్నదని ఈ శతాబ్దానికి ముందటి శతాబ్దపు ఆరంభంలో గట్టిగా అనుమానించారు. మద్రాసులో పనిచేస్తుండిన డబ్ల్యు. ఎస్. పాటన్, ఆ జ్వరపు పరాన్నజీవి నల్లి కడుపులో ఎదగడం తాను చూసినట్లు 1907లో ప్రకటించాడు. పరిశీలన సరైనదే. కాని పురుగు కడుపులో క్రిమి ఎదిగినంత మాత్రాన, ఆ పురుగు కాటుతో రోగం వస్తుందని రుజువు కాదు. మరి 35 సంవత్సరాలకు, 1942లో, స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు, స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన మనుషులను ఇసుకదోమలచేత కుట్టించి, రోగాన్ని మోసేది ఆ దోమేనని నిర్ధారించారు. నల్లి నిర్దోషిగా తేలింది.

నల్లులలో ఇతర రోగక్రిములను ప్రయోగశాలలో పెంచి చూపిన పరిశోధనలు తరువాత కూడా వచ్చినవి. కాని ఇళ్ళలో సహజంగా నల్లికాటువల్ల మనిషికి అంటురోగం సంక్రమిస్తున్నదనడానికి నేటికీ రుజువు లేదు. తరగతిలో దోమ, ఈగ, నల్లిలను ఒకే వాక్యంలో రోగవాహకాలుగా చెప్పే అలవాటు ఎక్కడైనా ఉంటే దానిని సవరించుకోవాలి. అలాగని నల్లిబాధను చులకన చేయనక్కరలేదు. దురద, గోకుళ్ళవల్ల పుండ్లు, నిద్రలేమి, మనోవ్యథ తక్కువ బాధలు కావు.

కారణం తప్పితే నివారణ తప్పుతుంది

ఏ కారణం నమ్మితే ఆ మందే వాడతాము. కనుక ఈ చర్చ మాటల చర్చ కాదు. మురికే కారణమనుకొనే గృహిణి గదిని పదిసార్లు కడుగుతుంది. నల్లి మంచం అతుకులో నిశ్చింతగా ఉంటుంది. మందు చాలలేదనుకొనే గృహస్థు మోతాదు రెట్టింపు చేస్తాడు. నిరోధశక్తిగల నల్లి బ్రతుకుతుంది, ఇంటివారు జబ్బుపడతారు. అమెరికాలోని ఏడు రాష్ట్రాలలో 2003-2010 మధ్య నల్లుల మందులవల్ల 111 మంది అస్వస్థులైనట్లు, వారిలో ఒకరు మరణించినట్లు అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క తేల్చింది. ధాన్యపు గిడ్డంగులకై ఉద్దేశించిన అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను పడకగదిలో ఎన్నడూ పెట్టరాదు. అవి గాలిలోని చెమ్మకు ఫాస్ఫీన్ అనే ప్రాణాంతక వాయువును విడుస్తాయి. నల్లి కుట్టితే మనిషి చావడు. ఆ వాయువు పీల్చితే చావవచ్చు.

ఇతర దేశాల ఉపాయాలను కూడా పరీక్షించకుండా అనుసరించరాదు. మంచపు కోళ్ళ క్రింద నునుపైన గోడలుగల గిన్నెలు పెట్టి నల్లులను పట్టే సాధనాలు పాశ్చాత్య దేశాలలో ఉన్నవి. లెక్టులేరియస్ ఆ నునుపు గోడలను ఎక్కలేదు. హెమిప్టెరస్ కాళ్ళపై వెంట్రుకల మెత్త మేలైనది కావడంచేత ఎక్కి బయటపడగలదని 2017లో ప్రకటించిన ప్రయోగాలు చూపినవి. అక్కడ బోనైనది ఇక్కడ నిచ్చెన కావచ్చు.

మన పెద్దల పద్ధతికి మాత్రం శాస్త్రాధారం ఉన్నది. వారు నులక విప్పి, మంచాన్ని ఎండలో వేసి, పట్టెకూ కోడుకూ మధ్య అతుకులలో మరిగే నీళ్ళు పోసేవారు. 45 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఎదిగిన నల్లులు చావడానికి సుమారు గంటన్నర, గుడ్లు చావడానికి దాదాపు ఏడు గంటలు పడుతుందని, 48 డిగ్రీల వద్ద గుడ్లకు గంటకు పైచిలుకు చాలునని 2011లో ప్రకటించిన ప్రయోగాలు తేల్చినవి. మరిగే నీరు తగిలినచోట పురుగూ గుడ్డూ రెండూ మిగలవు. వట్టి ఎండను నమ్ముకొంటే మాత్రం నల్లి నీడ ఉన్న వైపుకు నడిచిపోతుంది. మంచాన్ని తిప్పి తిప్పి వేయాలి. బట్టలను వేడినీటిలో ఉతకాలి. వాడిన మంచాలు, పరుపులు కొనేవారు కుట్లు, అతుకులు వెదికి చూడాలి. ఈ పని ఒక గదిలో చేసి పక్కగదిని వదిలితే ప్రయోజనం తక్కువ.

ఇక్కడే ఉపాధ్యాయులు చేయవలసిన పని ఉన్నది. వసతిగృహంలో ఒక విద్యార్థి ఒంటిపై వరుసగా దద్దుర్లు కనిపించగానే, నల్లులు తెచ్చినవాడని తోటివారు అతనిని వేరుచేస్తే, మరునాటినుంచి ఎవరూ తమ ఒంటి దద్దుర్లు చూపరు. అసలు కొందరి చర్మంపై నల్లికాటు గుర్తే పడదు. అందువల్ల కాట్లు కనిపించనివాని మంచంలో నల్లులు లేవనడానికి వీలులేదు. కనిపించినవాడే తెచ్చాడనడానికి అంతకన్న వీలులేదు. సిగ్గుతో దాచిన ఐదారు వారాలలో నల్లికి ఒక తరం పెరుగుతుంది. మొదటి నల్లిని చూసిన విద్యార్థి భయపడకుండా వచ్చి చెప్పగలిగిన చోట దానిని ఒక గదిలోనే ఆపవచ్చును. ఆనాటి రాత్రి రాజుగారి సేవకులు దుప్పటితో ఆగక మంచం సందులు కూడా వెదికి ఉంటే, పేను చచ్చేది కాదు, నల్లి మిగిలేది కాదు.